పొల్లు పోయిన జామ

పైనున్నవాడు అన్నీ చూస్తుంటాడని మా పెద్దలు నమ్మి బతికారు. అయితే ఆయన చూసిందంతా మనసులో పెట్టుకుంటాడే తప్ప గోడమీద తెర కట్టి రంగుల్లో చూపించడు. అందుకని మా ఊరి రవాణా కార్యాలయంవారికి ఆ ఏర్పాటు చాలలేదు. ఏ రోడ్డు మీద బండ్లు పరుగెడుతున్నాయో, ఎక్కడ ఇరుక్కుపోయాయో ఎప్పటికప్పుడు తెలుసుకోవాలని వాళ్ళకు కోరిక పుట్టింది. మంచి కోరికే. దానికి వీధివీధికీ ఒక మనిషిని నిలబెట్టనక్కర్లేదట. తిరిగే బండ్లకే చిన్న పెట్టెలు బిగిస్తే చాలునట. బండి సాఫీగా పోతుంటే పెట్టె ఆ కబురు ఆఫీసుకు చేరవేస్తుంది, తెర మీద ఆ దారి పచ్చగా కనిపిస్తుంది. బండి నిలబడిపోతే ఎర్రబడుతుంది. ఆ రంగులే జనం ఫోన్లలోకీ వస్తాయి కనక, ఎరుపు చూసినవాళ్ళు పక్కదారి పడతారు.

అలాంటి బండికి 'వేగుబండి' అని పేరు పెట్టి, ఆ పేరు రాసిన కాగితం ఒకటి అద్దం మీద అంటించారు. వేగు అంటే పూర్వం రాజుగారికి రహస్యంగా వార్తలు మోసేవాడు. ఆ మాట వెతికి పెట్టినాయన చదువుకున్నవాడే అయ్యుండాలి. చదివే జనానికి మాత్రం అందులో వేగు కనిపించలేదు, వేగం కనిపించింది.

ఇంతకీ పెట్టెలు ఎవరి బండ్లకు బిగించారయ్యా అంటే, బస్సులవాళ్ళు మాకొద్దన్నారు. టాక్సీలవాళ్ళు, మేమెక్కడ ఆగితే మీకెందుకన్నారు. లారీలవాళ్ళు అన్న మాట ఇక్కడ రాయడానికి నాకు చెయ్యి రాదు. చివరికి వద్దనడం చేతకానివాళ్ళు మిగిలారు. చెత్త బండి, శవాల వ్యాను, డ్రైవింగు నేర్పే బడివాళ్ళ కారు, మా నీళ్ళ బాబాయి బండి. ఊరి వేగం ఎంతో ఈ నలుగురూ కలిసి తేల్చాలి.

నీళ్ళ బాబాయికి అసలు పేరు ఉండే ఉంటుంది. తాగునీటి క్యాన్లు చిన్న ట్రాలీ బండిలో వేసుకుని ఇంటింటికీ మోయడం ఆయన వృత్తి. మోసి మోసి కుడిభుజం కిందికి జారిపోయింది. నడుస్తుంటే అటువైపు నుంచి ఎవరో పిలిచినట్టు ఒరిగి ఉంటాడు. నిజానికి ఎవరో ఒకరు పిలుస్తూనే ఉంటారు కూడా. క్యాను లోపల దించగానే "బాబాయ్, ఈ బల్బు కాస్త మార్చిపో" అని ఒక ఇల్లాలు, "బాబాయ్, ఈ సీసా మూత రావడం లేదు" అని ఇంకొకామె. తలా కాస్త పంచమని దేవుడిచ్చిన మొహమాటాన్ని పంచేవాళ్ళు బరువెక్కువై ఈయన మీదే గుమ్మరించి పోయినట్టుంది. లేదు, కాదు, కుదరదు అనే మాటలు ఆయన నోట ఎవరూ వినలేదు.

"మా ఆయన నన్ను పెళ్ళి చేసుకున్నదీ మొహమాటానికే," అంటుంది పిన్ని. "మా నాన్న 'పిల్ల నచ్చిందా బాబూ' అని అడిగాడు. కాదంటే ఏమనుకుంటాడో అని తలూపాడు."

బండి నడిపే తీరు కూడా అంతే. రోడ్డు మధ్య కుక్క పడుకుంటే హారన్ కొట్టడు. దిగి వెళ్ళి బతిమాలుకుంటాడు. ముసలివాళ్ళు దాటుతుంటే ఇంజను ఆపేస్తాడు. గుర్రుమంటే పాపం కంగారు పడతారట.

"ఏంటి బాబాయ్, వేగుబండి అని రాసుకుని నత్తలా పోతావేంటి?" అని వెనకనుంచి అరిచాడొక మోటారు సైకిలాయన.

"నత్తయినా ఇల్లు చేరుతుంది కదయ్యా."

"నత్తకి ఇల్లు వీపు మీదే ఉంటుంది. నువ్వెప్పటికి చేరతావు?"

బాబాయి నవ్వి, బండి పక్కకు తీసి, ఆయనకు దారిచ్చాడు. వీలైతే నీళ్ళు కూడా ఇచ్చేవాడే.

మా వీధి మలుపులో జామకాయల తోపుడు బండి ఒకటుంది. దాని వెనకే మేడ, మేడ మీద గది, గదిలో కిటికీకి ఆనించి మంచం, మంచం మీద జామకాయలామె అత్తగారు. వీధికంతటికీ ఆవిడ మామ్మ. నడుం కిందంతా పడిపోయింది గానీ నోటికి ఏ జబ్బూ లేదు. కోడలు కింద కాయలమ్ముతుంటే అత్తగారు పైనుంచి వీధినేలుతుంటుంది. దాహమైనా, ఒళ్ళు నొచ్చినా చెంచాతో కిటికీ ఊచ మీద కొడుతుంది. కోడలు తక్కెడ అక్కడే వదిలి మెట్లెక్కి పరుగెడుతుంది. అంతసేపూ బండి దగ్గర ఉన్న బేరంవాళ్ళే కాయలు తూచుకుని, ఇవ్వాల్సింది గోనెపట్టా కింద పెట్టి పోతారు. ఇన్నేళ్ళలో ఒక్కరు మోసం చేశారని ఆమె నోట వినలేదు.

ఆ బండి అక్కణ్ణుంచి కదిలి బజారుకు పోయిందంటే చెంచా చప్పుడు వినేవాళ్ళుండరు. కోడలు ఇంట్లో కూర్చుంటే పొయ్యి వెలగదు, బజారుకు పోతే మామ్మ గొంతు తడవదు. రెండూ జరగడానికి దేవుడు ఆమెకు చూపించిన చోటు ఆ మలుపొక్కటే.

రోజూ పొద్దున బాబాయి క్యాను పైకి మోసుకెళ్ళి, పనిలో పనిగా మామ్మను లేపి కూర్చోబెట్టేవాడు. కోడలొక్కతి వల్ల అయ్యే పని కాదది. ఒకవైపు ఆమె, ఒకవైపు ఈయన చేతులు వేసి, దిళ్ళు సర్ది, పక్క దులిపేవారు.

"మెల్లగా ఎత్తరా, నేనేమన్నా నీళ్ళ క్యాననుకున్నావా?"

"క్యానైతే ఇన్ని మాటలనదు మామ్మా."

"అననీ, రేపు నీ పెళ్ళాంతో చెప్తాను. నన్ను రోజూ ఎత్తుకుంటున్నావని."

తర్వాత కిందికి దిగి, కోడలు కోసిచ్చిన జామకాయ తింటూ భుజానికి కాస్త విశ్రాంతి ఇచ్చేవాడు. ఆమె ఆయన్ని అన్నయ్యా అంటుంది. ఆయన ఆమెను చెల్లెమ్మా అంటాడు. ఇదంతా జరిగేదాకా నీళ్ళ బండి ఆ మలుపులోనే ఆగి ఉండేది. పెట్టెకు మామ్మ తెలియదు, దిళ్ళు తెలియవు. బండి ఆగిందని మాత్రం తెలుసు.

బండి కాసేపు కదలకపోతే పెట్టెలోంచి ఒక ఆడగొంతు పలికేది. మనిషి కాదు, యంత్రానికి నేర్పిన గొంతు. 'దారిలో జామ్ ఉన్నదా?' అని అది అడగాలి. ఉందంటే తెర ఎర్రబడి, లేదని మళ్ళీ ఎవరైనా చెప్పేదాకా అలాగే ఉంటుంది. లేదంటే, బండి ఊరికే ఆగిందని తెలుసుకుని దారి పచ్చగానే ఉంచుతుంది. తెలివైన ఏర్పాటే. కాకపోతే దానికి తెలుగు నేర్పినవాళ్ళు జామ్ అని రాసేచోట 'మ'కు పొల్లు పెట్టడం మరిచిపోయారు. మా పల్లె బడిలో పొల్లు మరిస్తే పంతులుగారు చెవి పట్టుకుని లేపేవారు. పెద్ద ఆఫీసుల్లో ఎవరి చెవి ఎవరూ పట్టుకోరు. అలా పొల్లు పోయి, జామ్ కాస్తా జామ అయింది.

"దారిలో జామ ఉన్నదా?" అని పెట్టె తీయగా అడిగింది.

ఆ వేళకు బాబాయి బుగ్గలో ఉన్నది కూడా జామకాయ ముక్కే. నమలడం ఆపి, మర్యాదగా అటు తిరిగాడు.

"ఉందమ్మా. మంచి దోరకాయ."

"ధన్యవాదములు," అంది పెట్టె.

ఏ ఆఫీసూ తనతో అంత మన్ననగా మాట్లాడగా ఆయన ఎరగడు. ఆ రోజంతా బాబాయి కాలు నేల మీద నిలవలేదు. అక్కడ తెర మీద మా మలుపు మిరపపండులా ఎర్రబడింది.

"ఆ పెట్టెలో పిల్లకి జామకాయలంటే ప్రాణంలా ఉందే," అన్నాడు అన్నానికి కూర్చుని. "రోజూ అడుగుతుంది."

"పెట్టెలో పిల్లేంటి?" అంది పిన్ని.

"అదే, ఆఫీసులో కూర్చుని మాట్లాడుతుంది కదా. ధన్యవాదములు అంటుంది పాపం."

"ఆ పిల్ల జామకాయ అడిగితే నీకు గుర్తుంటుంది. పెరట్లో పంపు కారుతోందని నేను నెత్తీనోరూ బాదుకుంటే గుర్తుండదు. నేను కూడా ధన్యవాదములు అనాలేమో!"

ఒకరోజు చెల్లెమ్మ సరుకు కోసం వెళ్ళి ఇంకా రాలేదు. మలుపు ఖాళీ. పెట్టె మామూలుగానే అడిగింది. ఆశపడి అడిగే పిల్లను కాదనడమెలా? "ఉంటుందమ్మా, కాస్త ఆగితే వచ్చేస్తుంది," అన్నాడు. యంత్రం అందులోంచి తనకు కావలసిన ముక్క ఏరుకుని ధన్యవాదములు చెప్పింది.

అక్కడితో ఆగినా బాగుండేది. మర్నాడు మంచికాయలు ఏరించి, సంచిలో వేసుకుని, ఆఫీసు గేటు దగ్గరకే వెళ్ళాడు.

"ఈ కాయలు లోపలి అమ్మాయికి ఇవ్వు బాబూ."

"ఏ అమ్మాయికి?" అన్నాడు గేటు కాపలాదారు.

"ధన్యవాదములు అంటుందే, ఆ అమ్మాయికి."

కాపలాదారు చాలాసేపు ఆలోచించాడు. అలాంటి మాట ఆ భవనంలో ఎవరి నోటా ఆయన వినలేదు. కానీ ఎదురుగా నిలబడ్డ ముఖం చూసి మనసు రాక, సంచి అందుకున్నాడు. మరుసటి వారం బాబాయి ఆ దారినే పోతుంటే చెయ్యెత్తి కేకేశాడు. "చాలా బాగున్నాయందండీ!" మనిషిని నొప్పించకుండా చెప్పిన ఆ చిన్న అబద్ధాన్ని దేవుడు కూడా చూసీ చూడనట్టు పోనిచ్చి ఉంటాడు. కాయలైతే ఆయనే తిన్నాడు.

నెలలు గడిచాయి. మా మలుపు ఎప్పుడూ ఎర్రగానే ఉంటోంది కాబట్టి ఫోను చూసి నడిపేవాళ్ళెవరూ మా వీధికి రావడం మానేశారు. హారన్లు లేవు, పొగ లేదు. పిల్లలు రోడ్డు మధ్య పెద్ద పెద్ద గళ్ళు గీసుకుని తొక్కుడుబిళ్ళ ఆడుకుంటున్నారు. ఊరంతటిలో అన్నిటికన్నా ప్రశాంతమైన వీధి, ఆఫీసు లెక్కలో ఊపిరాడని వీధి అయి కూర్చుంది.

ఆఫీసులో ఆ తెర ముందు కూర్చునే అధికారిని మేం రంగుల సారు అనేవాళ్ళం. చెడ్డవాడు కాదు. పచ్చరంగు చూస్తే కాఫీ తాగేవాడు, ఎరుపు చూస్తే మాత్ర వేసుకునేవాడు. మా మలుపు వల్ల ఆయన మాత్రలు త్వరగా అయిపోతున్నాయి. చూసి రమ్మని ఇద్దరిని పంపాడు. వాళ్ళు వచ్చి మలుపులో నిలబడ్డారు. ఫోను చూస్తే ఎరుపు, తలెత్తితే తొక్కుడుబిళ్ళ. ఒకాయన కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ ఫోనే చూశాడు.

"ఎవరి కోసం నాయనా వెతుకుతున్నారు?" అని పైనుంచి మామ్మ అడిగింది.

"జామ్ కోసమండీ."

సగమే వినపడిన మామ్మ, "కిందే ఉంది కదా, కొనుక్కోండి," అంది.

వాళ్ళు కొనుక్కోలేదు. వెళ్ళి రిపోర్టు రాశారు. 'మేము పరిశీలించిన సమయమున అంతరాయము కనబడలేదు. మమ్ములను చూచి తాత్కాలికముగా తొలగి ఉండవచ్చును. ఆ చోట ఒక తోపుడు బండి మాత్రము కలదు.' కారణం అన్న గడి ఖాళీగా పంపితే పైవాళ్ళు ఊరుకోరు. కనబడింది తోపుడు బండి ఒక్కటే కాబట్టి, గడిలో దాన్నే తోశారు.

రాకపోకలకు అడ్డంగా ఉన్నందున సోమవారం ఈ బండిని తొలగిస్తామని నోటీసు తెచ్చి గోనెపట్టా మీద అంటించారు. చెల్లెమ్మ దాన్ని రెండుసార్లు చదివించుకుని, చెంగు నోట్లో కుక్కుకుని నిలబడింది. తర్వాత బాబాయి వైపు తిరిగింది.

"అన్నయ్యా, నువ్వు రోజూ వస్తావు. నీ బండికి వాళ్ళ పెట్టే ఉంది. నువ్వెళ్ళి నా గురించి ఒక మాట చెప్తే వింటారు. నేనెక్కడికి పోతే ఏం, ఆవిడ చెంచా కొడితే ఎవరొస్తారు?"

బాబాయి కాదనేవాడా? ఉతికిన చొక్కా తొడుక్కుని రంగుల సారు ముందు నిలబడ్డాడు. దారిపొడుగునా జామకాయల బండి గురించే ఆలోచించుకుంటూ వచ్చాడు. జామ తప్ప మరో మాట చెవికెక్కే స్థితిలో లేడు. పైగా తెలుగులో మాటలు ఒకదాని భుజం మీద ఇంకొకటి చెయ్యేసి నడుస్తాయి. పొల్లు ఉందో లేదో పట్టుకోవడం పండితులకే కష్టం.

"ఆ మలుపు గురించి రోజూ చెప్పేది నువ్వేనా?" అన్నాడు సారు. "కూర్చో, కూర్చో. నీలాంటివాళ్ళు కావాలయ్యా మాకు. చెప్పు, అక్కడ జామెప్పుడు మొదలవుతుంది?"

"పొద్దున్నే మొదలవుతుందండి."

"ఎంతసేపుంటుంది?"

"పొద్దుగూకేదాకా ఉంటుందండి. ఖాళీ అయిపోతే ఇంకా ముందే వెళ్ళిపోతుంది."

"ఊఁ. జామెక్కువా?"

"కాలాన్ని బట్టండి. వానలు పడ్డాక బాగా ఎక్కువ."

"అవునవును, వానలప్పుడు ఎక్కడైనా అంతే." సారు రాసుకున్నాడు. "మరి అక్కడ ఎప్పుడూ ఎర్రగానే చూపిస్తోందే?"

బాబాయి ముఖం విప్పారింది. సారుకు కూడా సంగతులు బాగా తెలుసు. "ఎర్రదే ఎక్కువండి. జనానికి ఇష్టమండి అదే."

"జనానికి ఇష్టమా?" సారు కలం ఆగింది. మళ్ళీ ఆయనే తల పంకించాడు. "నిజమేలే. ఈ ఊళ్ళో జనం అలాగే ఉన్నారు."

"తమరు ఆ బండిని అక్కడే ఉంచితే..."

"ఆ బండి తీసేస్తే జామ్ పోతుందంటావా, పోదంటావా? అది చెప్పు ముందు."

"పోకేం చేస్తుందండి? మొత్తం పోతుంది. ఇక ఆ వీధిలో కావాలన్నా దొరకదు." ఆ మాట అంటుంటే బాబాయి కళ్ళు చెమర్చాయి.

సారు లేచి ఆయన భుజం తట్టి పంపాడు. అంత సంతోషంగా తొలగింపు కాగితం మీద సంతకం చేయడం ఆయన ఉద్యోగ జీవితంలో అదే మొదటిసారి.

బాబాయి తిరిగి వచ్చి, మేడ మీద మామ్మ మంచం పక్కన కూర్చుని, జరిగినదంతా పొల్లుపోకుండా చెప్పాడు. "ఎంత మర్యాద చేశాడో చెల్లెమ్మా! కాయల గురించి అన్నీ అడిగాడు. లోపల ఎర్రగా ఉండే కాయలని కూడా తెలుసు ఆయనకి."

మామ్మ అడిగింది.

"ఆ పెట్టె రోజూ నిన్నేమని అడుగుతుందన్నావు?"

"దారిలో జామ ఉందా అని."

"ఓరి పిచ్చి సన్నాసీ!" మామ్మకు నవ్వొచ్చి, నవ్వులోంచి దగ్గొచ్చి, కోడలు వీపు రాయవలసి వచ్చింది. "వాళ్ళడిగేది కాయల గురించి కాదురా! బండ్లు ఇరుక్కున్నాయా అని! జామ్! ట్రాఫిక్ జామ్! నువ్వు రోజూ తింటూ ఉందుందన్నావు. ఇప్పుడు ఆఫీసుకెళ్ళి మరీ సాక్ష్యం చెప్పొచ్చావు."

బాబాయి చేతిలోని గ్లాసు కింద పెట్టాడు. చెల్లెమ్మ దీపం వెలిగించడానికి లేచినట్టు లేచి పక్కకు తిరిగింది. తిట్టి ఉంటే ఆయన తట్టుకునేవాడు.

"రేపణ్ణుంచి అడిగితే లేదని చెప్పు," అంది మామ్మ.

"ఎలా మామ్మా? అది జామ అనే అడుగుతోంది. జామ కళ్ళెదుట ఉంది. ఉన్నదాన్ని లేదంటే అబద్ధం కదూ?"

"అబద్ధమని నా కోడలి బండి పోగొడతావా?"

"పెట్టె పీకేద్దామంటే, బిగించిన పిల్లాడు ఏమనుకుంటాడో..."

"నీ మొహమాటం మండా! వాడేమనుకుంటాడో కావాలి గానీ నేనేమైపోతానో అక్కర్లేదు!"

మర్నాడు ప్రయత్నించాడు. పెట్టె అడగ్గానే 'లే' వరకు వచ్చి నాలుక మడత పడింది. "ఏమోనమ్మా," అన్నాడు. అర్థం కాలేదు, మళ్ళీ చెప్పండి అంది పెట్టె. చెప్పలేకపోయాడు. అది అడుగుతూనే ఉంది, ఆయన చెమటలు తుడుచుకుంటూనే ఉన్నాడు. చివరికి ఆడపిల్లను అంతసేపు అడిగించుకోవడం మర్యాద కాదనిపించి, "ఉందమ్మా" అనేశాడు. సంతకమైన కాగితం ఎలాగూ వెనక్కి నడవదని మేం ఓదార్చాం. ఓదార్పు ఆయనకు అంటలేదు.

సోమవారం పొద్దున బాబాయి మామ్మను కూర్చోబెట్టి దిగేసరికి లారీ వచ్చింది. వీధి ఇరుకు, లారీ పొడుగు. వెనక్కి వచ్చి మలుపులో అడ్డంగా నిలబడింది. దాని పక్కన సారు జీపు ఆగింది. జీపు వెనక బడి బస్సు, బస్సు వెనక పాల వ్యాను, దాని వెనక ఎక్కడికి పోవాలో తెలియని ఇంకెన్నో. ఇన్నాళ్ళూ లేని హారన్లన్నీ ఒక్కసారి మోగాయి. మా మలుపుకు జామ్ అనేది ఎలా ఉంటుందో దాన్ని తొలగించడానికి వచ్చినవాళ్ళే తెచ్చి చూపించారు.

లారీ మనుషులు నలుగురూ కలిసి తోపుడు బండిని కాయలతో సహా ఎత్తి లారీలో పెట్టారు. మొరటుగా ఏం పెట్టలేదు, పాపం. కిందపడిన కాయలు ఏరి మళ్ళీ బండిలోనే వేశారు. చెల్లెమ్మ ఏడవలేదు. తక్కెడ పట్టుకుని, బండి ఉన్న చోటునే చూస్తూ నిలబడింది. అక్కడ నేల మీద చక్రాల గుంటలు, నాలుగు ఎండాకులు.

అప్పుడే నీళ్ళ బండిలోంచి గొంతు వినిపించింది.

"దారిలో జామ ఉన్నదా?"

వీధంతా బాబాయి వైపు తిరిగింది.

"చెప్పవయ్యా, సిస్టం అడుగుతోంది," అన్నాడు సారు, చెవులు రెండూ మూసుకుని.

బాబాయి వీధి పొడుగునా చూశాడు. కనుచూపు మేర బండ్లే. ఈ రోజు ఆ మాటకు అర్థం కూడా ఆయనకు తెలుసు.

"అడిగినదానికి అడిగినట్టు చెప్పరా!" పైనుంచి మామ్మ అరిచింది. "అది అడిగింది జామ! నువ్వు చూసుకో, ఉందా, లేదా?"

ఆయన ఎండాకుల వైపు చూశాడు. కళ్ళు మూసుకుని, దేవుణ్ణి తలుచుకుని, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఆ మాట అన్నాడు.

"లేదమ్మా. జామ లేదు. ఇప్పుడే ఎత్తేశారు."

"ధన్యవాదములు," అంది పెట్టె.

సారు చేతిలో ఫోను మీద మా మలుపు పచ్చబడింది. వరిమడిలా, చిలకలా. చుట్టూ మోగుతున్న హారన్ల మధ్య నిలబడి ఆయన ఆ పచ్చదనాన్ని కళ్ళారా చూసుకున్నాడు. లారీలో ఉన్న బండిని ఫోటో తీశాడు. 'అంతరాయము తొలగించబడినది, రాకపోకలు సాఫీగా ఉన్నవి' అని అక్కడికక్కడే ఫోనులో కొట్టి, ఫైలు మూసేశాడు. ఆ పచ్చరంగు ఊళ్ళో అందరి ఫోన్లలోకీ వెళ్ళింది. దారి తెరుచుకుందని ఎక్కడెక్కడి బండ్లూ మా వీధికి తిరిగాయి.

లారీ ముందుకు పోలేదు, వెనక్కి పోలేదు. అంతలో పైన ఊచ మీద చెంచా మోగింది. చెల్లెమ్మ తక్కెడ పడేసి మెట్లవైపు పరుగెత్తింది.

"ఏంటా చప్పుడు?" అని లారీ మేస్త్రి అడిగాడు.

బాబాయి చెప్పాడు. మేస్త్రి విన్నాడు. తలపాగా తీసి ముఖం తుడుచుకుని, నెమ్మదిగా జీపు దగ్గరకు నడిచాడు.

"ఫైలు మూసేశారా సార్?"

"మూసేశాను. పచ్చగా ఉంది చూడు."

"చిక్కొచ్చి పడింది సార్. మూసిన ఫైలు మీద డిపోలో సామాను దించుకోరు. ఏ కేసులో తెచ్చావంటే ఏం చెప్పను?"

"మళ్ళీ తెరవమంటావా? తెరిస్తే ఎర్రబడుతుందయ్యా!"

"అందుకే అడుగుతున్నా సార్, ఈ బండినేం చెయ్యమంటారు?"

సారు మాత్రల కోసం జేబు తడుముకున్నాడు. "నా ఫైల్లో అక్కడ బండి లేదు. తొలగించబడింది. లేని బండి గురించి నన్నడగొద్దు."

"చిత్తం సార్," అన్నాడు మేస్త్రి. వెనక్కి తిరిగి మనుషులకు కనుసైగ చేశాడు.

దించడానికి ఆ ఇరుకులో ఇంకో చోటు లేదు. ఎక్కడ ఎత్తారో అక్కడే దించారు. చక్రాలు సరిగ్గా వాటి గుంటల్లోనే కూర్చున్నాయి. ఆ తర్వాత దాన్ని ఎవరూ కదిలించలేదు. తొలగించిన బండిని మళ్ళీ తొలగించడానికి ఆ ఆఫీసులో ఏ కాగితమూ ఒప్పుకోదు. అప్పుడప్పుడు వేరే ఊళ్ళ అధికారులు వచ్చి, అంతరాయం తొలగించిన చోటు ఏదని చెల్లెమ్మనే అడిగి, ఆమె చూపిస్తే, బండికి ఆనుకుని నిలబడి కాయలు తింటూ మెచ్చుకుని వెళుతుంటారు.

ఆ రోజు మాత్రం చెల్లెమ్మ మామ్మకు నీళ్ళు తాగించి కిందికి దిగి వచ్చేసరికి బండి అక్కడే ఉంది. ఆమె దాన్ని చేత్తో తడిమింది. లారీ మనుషులకు తలా ఒక కాయ ఇచ్చింది. అడుగు కూడా కదలని జీపులో, ఎండలో, పచ్చని ఫోను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న సారు మీద జాలేసి, ఆయనకూ ఒకటి కోసి ఉప్పు రాయబోయింది.

"ఒసేయ్, ఎర్రది ఇచ్చేవు!" పైనుంచి మామ్మ కేకేసింది. "గుండె ఆగిపోగలదు. కోయకుండా పచ్చనిది చూసివ్వు ఆయనకి. లోపల ఎలా ఉన్నా, పైకి పచ్చగా ఉంటే చాలు."